ఏ యంత్రం మంచిది?



అమెరికాలో లైసెన్సు తీసుకొని జింకల వేటకు పోయేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో కొందరు జీపీఎస్, వాకీటాకీ కలిసిన యంత్రం కొంటారు. గార్మిన్ రైనో అలాంటిదే. ఇద్దరి దగ్గరా అదే ఉంటే, ఒకరున్న చోటు రెండోవారి మ్యాపు మీద కనపడుతుంది.

కొనేటప్పుడు డబ్బా మీది మైళ్ళు చూసి మురిసిపోతే పొరపాటే. ఆ మైళ్ళు అడ్డులేని చోట లెక్క. మధ్యలో కొండ వస్తే మాట అందదు. జీపీఎస్‌కు కనీసం 4 ఉపగ్రహాలు అందాలి, దట్టమైన చెట్ల కింద అదీ తడబడుతుంది. అందుకే తోటివాడి చోటు చూపేది, అడవిలో బ్యాటరీలు మార్చుకునే వీలున్నది కొనాలని నా అభిప్రాయం. పొద వెనక మనవాడున్నాడని తెలియక పేలిస్తే నిండు ప్రాణం పోతుంది. మ్యాపులో కనపడేది అతడు ఇందాక ఉన్న చోటు. కాబట్టి కళ్ళతో చూడందే తుపాకీ ఎత్తకూడదు.

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. మనకెందుకీ సంగతి అంటారా? సెలవుల్లో అడ్డాకులకు పోయినప్పుడు "కూ" అని కేకేసి, తోటివాడు పలికితేనే గదా ముందుకు పోతాం! ఎంత ఖరీదు యంత్రమైనా ఆ పనే చెయ్యాలి. మీరేమంటారు?

— 9వ తరగతి విద్యార్థి