ఓటమికి బ్యాకులే బాధ్యులా?

కళాశాల ఫుట్‌బాల్ జట్టు ఓడిన మరునాడు విచారణ మిక్కిలి త్వరగా ముగియును. గోలు పడునపుడు బంతికి సమీపమున ఎవడు నిలిచియుండెనో వానినే దోషిగా నిర్ణయింతురు. బ్యాకు మందకొడి యందురు. గోల్‌కీపరు నిద్రపోయె నందురు. మైదానము నడుమ బంతిని పోగొట్టుకొన్న ఫార్వర్డును, వెనుకకు పరుగెత్తి రాని హాఫ్‌బ్యాకును ఎవరును తలంపరు. ఈ తీర్పు న్యాయము కాదనియు, దీనివలన జట్టు బాగుపడదనియు మా అభిప్రాయము.

ఇందులకు మన దేశ క్రీడాచరిత్రలోనే గొప్ప నిదర్శనము కలదు. 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1గా ఓడెను. శిక్షకుడు హైదరాబాదు ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం. నాయకుడు బ్యాకు స్థానమున ఆడిన శైలేన్ మన్నా. పది గోలులు పడినవి గనుక బ్యాకులు చేతకానివారని తేల్చివేయుట సులభము. కాని అంతకు ముందటి సంవత్సరమే, 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో, అదే శిక్షకుని క్రింద, అదే నాయకునితో మనవారు మూడు ఆటలలో ఒక్క గోలైనను ఇవ్వక స్వర్ణ పతకము గెలిచిరి. ఒక్క యేటిలో చేతనైనవారు చేతకానివారైపోయిరా?

హెల్సింకీలో మన జట్టు ఇద్దరు బ్యాకుల పాత పద్ధతిలో ఆడెను. ఐరోపా జట్లకు అప్పటికే మూడవ బ్యాకు అలవాటైనది. మనవారిలో పెక్కుమంది బూట్లు లేక వట్టి కాళ్లతో ఆడిరి. స్వదేశమున పోటీలు 70 నిమిషములకు ముగియుచుండగా అచ్చట 90 నిమిషములు ఆడవలసి వచ్చెను. ఎదిరిపక్షము ఆ క్రీడలలో రజత పతకము పొందిన జట్టు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటియు ఆ బ్యాకుల తప్పు కాదు.

దిద్దుబాటును గూడ పెద్దలు అచ్చటనే ఆరంభించిరి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసెను. రహీం మూడవ బ్యాకు పద్ధతిని అలవాటు చేసెను. 1956లో మెల్బోర్న్ సెమీఫైనలునందు అదే యుగోస్లావియా మరల ఎదురయ్యెను. మనవారు 4–1గా ఓడిరి. అయినను తొలి గోలు చేసినది మనవారే. ఆ ఒలింపిక్స్‌లో మనకు నాలుగవ స్థానము లభించెను. 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాకు 2–0గా ఓడిన మన జట్టు, ఫైనలులో ఆ కొరియానే 2–1గా జయించి స్వర్ణము గైకొనెను. తలకు గాయమైన బ్యాకు జర్నైల్ సింగును రహీం ముందువరుసలో ఆడింపగా, ఫైనలులో అతడొక గోలు చేసెను. బ్యాకుయొక్క విలువ తెలిసిన శిక్షకుని పని ఇట్లుండును.

ఇక మన పిల్లల సంగతి. కర్ణాటకలోను, తమిళనాటను, ఒడిశాలోను, మహారాష్ట్రలోను మన కుటుంబముల బాలురు పలుభాషలవారితో కలిసి ఆడుచున్నారు. రక్షణ పంక్తికి కాలు ఎంత ముఖ్యమో నోరును అంత ముఖ్యము. ‘వదలుము’, ‘నాది’, ‘వెనుక మనిషి’ అను కేకలు అరనిమిషము ఆలస్యమైన గోలు పడును. కేక ఏ భాషలో నుండవలెనో జట్టు ముందుగా నిర్ణయించుకొనవలెను. ఇంట తెలుగును, వీధిలో స్థానిక భాషను మాటలాడు మన బాలుడు ఈ విషయమున జట్టుకు ఎంతయో అక్కరకు వచ్చును.

ఒక అపాయమును గూడ చెప్పక తప్పదు. తప్పు చేసిన బ్యాకు పరభాషవాడైనచో నింద వాని కులగోత్రముల దాక పోవును. మనవానిని జట్టునుండి తొలగించినపుడు మనవారును, ఆట ఎట్లు సాగెనో విచారింపకయే, తెలుగువాడు గనుకనే తీసివేసిరని అనుచున్నారు. రెండును ఆటకు చేటు. నిజముగా అన్యాయము జరిగినచో దానిని నిలదీయుటకైనను ముందు ఆటను చూచియుండవలెను గదా!

కావున ఓటమి తరువాత మూడు ప్రశ్నలు వేయుడని శిక్షకులను, తల్లిదండ్రులను కోరుచున్నాము. బంతి మొదట ఎచ్చట పోయెను? వెనుకకు రావలసినవారిలో రానివా రెవరు? ఎవరి కేక ఎవరికి వినబడలేదు? వీనికి సమాధానము దొరకిన పిమ్మట బ్యాకు దోషమేమైన మిగిలినచో వానికి చెప్పుడు, నేర్పుడు. వాడు మరల మైదానమునకు వచ్చునట్లు చెప్పుడు.