నీరు పట్టిన బిడ్డకు నీళ్ళు మాన్పించకండి



పొద్దున్నే లేచేసరికి బిడ్డ కళ్ళు ఉబ్బి ఉంటాయి. నాలుగు రోజుల్లో ముఖం, పొట్ట, కాళ్ళు వాస్తాయి. మూత్రం నురగ కడుతుంది. మన గోదావరి పల్లెల్లో దీనినే 'ఒంటికి నీరు పట్టింది' అంటాం. డాక్టర్లు నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు. 2 నుండి 6 ఏళ్ళ పిల్లల్లో ఇది ఎక్కువ.

ఒంట్లో నీరు ఎక్కువైందని కొందరు బిడ్డకు మంచినీళ్ళు మాన్పిస్తారు. డాక్టరును అడగకుండానే నీరు దిగే మాత్రలు, గలిజేరు కషాయం ఇస్తారు. ప్రమాదం ఇక్కడే ఉంది.

మూత్రపిండాలు రక్తాన్ని వడపోసే జల్లెడలు. ఈ జబ్బులో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు ఆ జల్లెడ దాటి మూత్రంలో పోతుంది. రక్తనాళాల్లో నీటిని పట్టి ఉంచేది అదే. అది తగ్గితే నీరు నాళాలు విడిచి ఒంట్లోకి చేరుతుంది. కనుక బిడ్డ పైకి ఉబ్బి కనిపించినా, లోపల రక్తం చిక్కబడి ఉండవచ్చు. పైగా రక్తం గడ్డకట్టకుండా కాపాడే యాంటీత్రాంబిన్ కూడా మూత్రంలో పోతుంది. గడ్డకట్టించే ఫైబ్రినోజెన్‌ను కాలేయం ఎక్కువగా తయారు చేస్తుంది. ఇలాంటప్పుడు విరేచనాలు పట్టుకున్నా, నీళ్ళు మాన్పించినా సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఈ జబ్బున్న నూరుమంది పిల్లల్లో సుమారు ముగ్గురికి ఇలా జరుగుతుంది. 12 ఏళ్ళు దాటినవారికి ముప్పు ఇంకా ఎక్కువ.

ఈ గుర్తులు జ్ఞాపకముంచుకోండి:

1. ఒక కాలు మాత్రమే ఎక్కువగా వాచి నొప్పి పెట్టడం.
2. నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం.
3. విడవని తలనొప్పి, వాంతులు, మత్తు, ఫిట్స్.
4. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగక, కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. వాచిన కాలికి నూనె రాసి మర్దనా చేయకండి. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. వేళకు చేరితే హెపారిన్ వంటి మందులతో గడ్డ పెరగకుండా ఆపగలరు.

ఇంట్లో చేయవలసినవి కొన్ని ఉన్నాయి. తగ్గించవలసింది ఉప్పు, వాపు ఉన్నన్నాళ్ళు ఆవకాయ, ఎండుచేపలు పెట్టకండి. నీళ్ళు ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి. విరేచనాలైతే ఓఆర్ఎస్ మొదలుపెట్టి ఆ రోజే చూపించండి. బిడ్డను మంచానికే అంటిపెట్టక ఇంట్లో తిరగనివ్వండి. ప్రెడ్నిసలోన్ మాత్రలతో చాలామంది పిల్లలకు వాపు పూర్తిగా తీస్తుంది. ముఖం గుండ్రమైందని, వాపు తీసిందని వాటిని మధ్యలో ఆపకండి.

మీ వీధిలో ఇలాంటి బిడ్డ ఉంటే ఆ తల్లికి ఈ మాటలు చదివి వినిపించండి.