తినే గుడ్డు వేరు... చూసే గుడ్డు వేరు

ఒక ఈస్టర్ మర్నాడు ఓపీలో ఓ తల్లి ఆరేళ్ల కొడుకును ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంది. రాత్రి నుంచి వాంతులు, విరేచనాలు, జ్వరం. ‘బయటి తిండి ఏదీ పెట్టలేదు డాక్టర్‌గారూ, ఇంట్లో ఉడకబెట్టిన గుడ్డే’ అంది. ఆరా తీస్తే సంగతి తెలిసింది. శనివారం సాయంత్రం పిల్లలంతా చేరి గుడ్లకు రంగులేశారు. రాత్రంతా అవి టేబుల్ మీదే ఉన్నాయి. పొద్దున బుట్టలో సర్దుకుని చర్చికి తీసుకెళ్లారు. మధ్యాహ్నం ఇంటికొచ్చాక ఒలుచుకుని తిన్నారు. గుడ్డే కారణమని నేను పరీక్ష చేసి తేల్చలేదు. కానీ వేసవి వేడిలో అన్ని గంటలు బయటున్న గుడ్డును తినమని ఏ డాక్టరూ చెప్పడు.

పిల్లాడు రెండు రోజుల్లో కోలుకున్నాడు. ఆ తల్లి మాట మాత్రం గుర్తుండిపోయింది. ‘ఇంట్లో చేసిందే కదా’ అన్న భరోసాతోనే మనం చాలాసార్లు ఏమరుపాటుగా ఉంటాం.

ఈస్టర్ గుడ్డు ఐరోపాలో బాగా పాతుకుపోయిన ఆచారం. పండగకు ముందు నలభై రోజుల ఉపవాస కాలంలో అక్కడ ఒకప్పుడు గుడ్లు కూడా మానేసేవారు. కోళ్లు మాత్రం గుడ్లు పెడుతూనే ఉండేవి. అలా పోగైన వాటిని పండగనాడు రంగులేసి పంచుకునేవారు. పెంకు పగలడాన్ని సమాధి తెరుచుకోవడానికి గుర్తుగా భావిస్తారు. ఇప్పుడు మన ఊళ్లలోని క్రైస్తవ కుటుంబాల్లోనూ పిల్లలు సరదాగా ఈ పని చేస్తున్నారు. అయితే ఈస్టర్ మార్చి 22, ఏప్రిల్ 25 మధ్య వస్తుంది. చలి ఇంకా పూర్తిగా వదలని దేశాల ఆచారాన్ని మనం మండుటెండల్లో పాటిస్తున్నామన్నది మరవకూడదు.

అందుకే రంగు ముట్టుకునే ముందే ఒకటి తేల్చుకోండి. ఇది తినే గుడ్డా, చూసే గుడ్డా?

తినే గుడ్డయితే పగుళ్లు లేనివి ఎంచుకోండి. నీళ్లు మరిగాక 10 నుంచి 12 నిమిషాలు, పచ్చసొన గట్టిపడే దాకా ఉడికించండి. చల్లార్చడానికి తాగే నీళ్లే వాడండి. గుడ్డు పెంకు నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. వేడి గుడ్డు చల్లబడేటప్పుడు చుట్టూ ఉన్న నీటిని వాటిగుండా లోపలికి పీల్చుకుంటుంది. నీళ్లు మురికివైతే ఆ మురికీ లోపలికి పోతుంది. రంగు విషయంలోనూ ఇంతే. హోలీ రంగులు, బట్టల అద్దకం రంగులు, ముగ్గుల పొడి, ఆయిల్ పెయింట్ వద్దు. ఆహారంలో వాడేందుకు అనుమతించిన రంగులే కొనండి.

అసలు కొనాల్సిన అవసరమే లేదు. గుప్పెడు ఉల్లిపొట్టును రెండు గ్లాసుల నీళ్లలో 20 నిమిషాలు మరిగించి వడకడితే ఎర్రమట్టి రంగు వస్తుంది. పసుపుతో పసుపుపచ్చ, బీట్‌రూట్‌తో గులాబీ, ఊదారంగు క్యాబేజీతో నీలం వస్తాయి. గ్లాసుకు ఒక చెంచా వెనిగర్ కలిపితే రంగు పెంకుకు బాగా పడుతుంది. కొత్తిమీర ఆకును గుడ్డుకు అంటించి, పల్చటి గుడ్డలో బిగించి కట్టి ముంచండి. విప్పి చూస్తే ఆకు బొమ్మ తెల్లగా మిగులుతుంది. పిల్లల మొహాలు వెలిగిపోతాయి.

రంగు ఆరగానే గుడ్లు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. ఉడికిన గుడ్డు పచ్చిగుడ్డు కంటే త్వరగా పాడవుతుంది. పెంకు మీదుండే సహజమైన రక్షణ పొర ఉడకబెట్టినప్పుడు పోతుంది. బయట మొత్తం రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. ఫ్రిజ్‌లో ఉంచినా వారంలోపు తినేయాలి. గడువు దాటినదాన్ని వాసన చూసి బాగుందనుకోకండి. సాల్మొనెల్లా సూక్ష్మజీవికి వాసన ఉండదు.

చూసే గుడ్డయితే లోపలి సొన తీసేసి డొల్లను అలంకరించండి. రెండు కొనలకూ చిన్న రంధ్రాలు చేసి నోటితో ఊదడం చాలామందికి అలవాటు. పచ్చిగుడ్డు పెంకుకు నోరు తగలనివ్వకండి. కొత్త సిరంజితో గాలి కొట్టినా సొన బయటికొస్తుంది. ఆ సొనను వెంటనే బాగా ఉడికేలా అట్టు వేసేయండి. డొల్లను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. చేతులూ కడుక్కోండి. ఇక దాని మీద స్కెచ్ పెన్నులు, తళుకులు, పూసలు, ఏవైనా మీ ఇష్టం. ఏళ్ల తరబడి దాచుకోవచ్చు. గుడ్లు దాచి పిల్లలతో వెతికించే ఆటకు మాత్రం ప్లాస్టిక్ గుడ్లు వాడండి. మట్టిలో, చెట్ల కింద దొరికిన గుడ్డు నోట్లోకి వెళ్లకూడదు. లోపల చిన్న మిఠాయిలు పెడితే నాలుగేళ్లలోపు పిల్లలకు ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి. పక్కింటి పిల్లలకు పెట్టే ముందు గుడ్డు పడుతుందో లేదో వాళ్ల అమ్మను అడగండి.

ఇంత జాగ్రత్తపడినా ఎవరికైనా వాంతులు, విరేచనాలు మొదలైతే లీటరు నీటిలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి కొద్దికొద్దిగా తాగించండి. విరేచనాలు ఆగే మాత్రలు, యాంటీబయాటిక్స్ సొంతంగా వేయొద్దు. మలంలో రక్తం, తీవ్ర జ్వరం, మగతగా ఉండడం, మూత్రం బాగా తగ్గడం, తాగినవన్నీ కక్కేయడం కనిపిస్తే ఆసుపత్రికి రండి. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో అసలు ఆలస్యం చేయకండి.

ఇవన్నీ చదివి సరదా మానుకోవద్దు. పిల్లలతో కలిసి కూర్చుని చేసే పని ఇంట్లో ఏడాదికి ఎన్నిసార్లు దొరుకుతుంది? బుట్టలో చూసే గుడ్లు, ఫ్రిజ్‌లో తినే గుడ్లు ఉంచండి చాలు. సోమవారం మనం ఓపీలో కలుసుకోవాల్సిన పని ఉండదు.