ఓర్చుకోమనే వాళ్లకు నొప్పి ఉండదు

క్యాన్సర్ పాపఫలమైతే రామకృష్ణ పరమహంస ఏ పాపం చేసినట్టు? ఆయన 1886లో గొంతు క్యాన్సర్‌తో పోయారు. రమణ మహర్షి ఎడమ చేతికి సార్కోమా గడ్డ వచ్చింది. పలుమార్లు కోసి తీసినా మళ్లీ మొలిచింది. 1950 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. ఈ మాట ఎత్తితే భక్తుల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: మహాత్ములు శిష్యుల పాపాలను తమ ఒంటి మీదికి తీసుకున్నారట. అంటే పాపికి వస్తే సొంత పాపం, పుణ్యాత్ముడికి వస్తే పరుల పాపం! ఎటు తిప్పినా తప్పని తేలని సిద్ధాంతం దేన్నీ వివరించదు. మంచాన పడ్డ మనిషి నోరు మాత్రం మూయిస్తుంది.

కారణాలు వెతికినవాళ్లకు దొరికాయి. శ్రీకాకుళం పల్లెల్లో చుట్టను వెలిగించి నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటుంది. అడ్డపొగ అంటారు. ఆడవాళ్లలో ఎక్కువ. ఆ ప్రాంతంలో 10,169 మంది నోళ్లు పరీక్షించి, అంగిట్లో పుట్టే మచ్చలకూ పుండ్లకూ ఈ అలవాటుతో ఉన్న సంబంధాన్ని పిండ్‌బోర్గ్ అనే పరిశోధకుడి బృందం 1971లో ప్రచురించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుంది. ఏ చెడు అలవాటూ లేనివాళ్లకూ, పసిపిల్లలకూ కూడా క్యాన్సర్ వస్తుంది. కణాలు రెండుగా చీలేటప్పుడు జన్యువుల్లో దొర్లే పొరపాట్లు అందుకు చాలు. పోయిన జన్మ దాకా వెళ్లే పనిలేదు.

కర్మ సిద్ధాంతం చేసే అసలు చెరుపు నొప్పి దగ్గర కనిపిస్తుంది. “అనుభవించక తప్పదు వదినా, ఇప్పుడే తీరిపోతే వచ్చే జన్మకు బాకీ ఉండదు” అని పరామర్శకు వచ్చినవాళ్లు ఓదారుస్తారు. రోగి నమ్ముతుంది. రాత్రంతా నిద్ర లేకపోయినా, పొద్దున డాక్టరు అడిగితే “ఫర్వాలేదండీ” అంటుంది. ఆ నొప్పి కేసు షీటులోకి ఎక్కదు. కేసు షీటులో లేని నొప్పికి ఎవరూ మందు రాయరు.

నిజానికి ఈ నొప్పిని తగ్గించే దారులు చాలా ఉన్నాయి. ఎముకకు పాకిన క్యాన్సర్ లోపలినుంచి తొలిచినట్టు నొస్తుంది. ఒక్క విడత రేడియేషన్‌తోనే చాలామందికి అది తగ్గుముఖం పడుతుంది. గడ్డ నరాన్ని నొక్కితే మంటలు, షాక్ కొట్టినట్టు పోట్లు వస్తాయి. వాటికి గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ వంటి మందులున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో మూడు మెట్ల పద్ధతి ప్రకటించింది: కొద్ది నొప్పికి పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వంటివి, మధ్యరకానికి కొడీన్, ట్రమడాల్, తీవ్రమైనదానికి మార్ఫిన్. నొప్పి ముదిరేదాకా ఆగకుండా వేళ ప్రకారం మింగాలి. మామూలు మార్ఫిన్ బిళ్ల సుమారు నాలుగు గంటలు పనిచేస్తుంది కనుక నాలుగు గంటలకోసారి ఇస్తారు. మలబద్ధకం చేస్తుంది కాబట్టి విరేచనాల మందు మొదటిరోజు నుంచే జతచేస్తారు. ఇంతకుమించి ఇందులో మహత్తు ఏమీ లేదు.

ఇక్కడ రెండో మూఢనమ్మకం అడ్డం వస్తుంది. ఇది తాయెత్తు కట్టుకోదు. చదువుకున్నవాళ్ల ఇళ్లలో ఉంటుంది, అప్పుడప్పుడు తెల్లకోటు కూడా వేసుకుంటుంది. “మార్ఫిన్ మొదలెట్టారంటే ఇక ఆఖరే”, “మత్తుకు బానిసవుతారు” అన్న మాటలు దానివి. మార్ఫిన్ ఇవ్వడానికి కొలత నొప్పి, మిగిలిన రోజుల లెక్క కాదు. చికిత్స నడుస్తుండగా వాడి, గడ్డ కరిగాక మోతాదు తగ్గించుకుంటూ మానేసేవాళ్లు ఉన్నారు. చాన్నాళ్లు వాడితే ఒళ్లు ఆ మందుకు అలవాటు పడే మాట నిజమే. అందుకే ఒక్కసారిగా ఆపరు. మందు కోసం వెర్రెత్తిపోయే వ్యసనం వేరే సంగతి. కొద్ది మోతాదుతో మొదలెట్టి గమనిస్తూ పెంచితే ఊపిరి ఆగే ప్రమాదం చాలా అరుదు. అమెరికాలో ఈ జాతి మందులను విచ్చలవిడిగా అమ్మి లక్షల ప్రాణాలు పోగొట్టిన చరిత్ర ఉంది. దాన్నిబట్టి జాగ్రత్తపడాలి తప్ప, క్యాన్సర్ రోగికి మందు నిరాకరించకూడదు.

ఈ భయం చట్టంలోకీ ఎక్కింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దొంగ వ్యాపారాన్ని పట్టుకోబోయి ఆసుపత్రులను పట్టుకుంది. ఒక్క మందుకు నాలుగైదు లైసెన్సులు, గడువు తీరిపోతే మళ్లీ మొదటికి. ఆ తర్వాతి పుష్కరకాలంలో దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ దాదాపు 97 శాతం పడిపోయింది. విడ్డూరం ఏమిటంటే మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో సర్కారు అనుమతితోనే గసగసాల పంట వేస్తారు. నీమచ్, ఘాజీపూర్‌లలోని ప్రభుత్వ కర్మాగారాలు ఆ పంట నుంచి వచ్చే, మార్ఫిన్‌కు మూలమైన నల్లమందును శుద్ధి చేస్తాయి. పండించే దేశంలోనే రోగికి బిళ్ల దొరకదు. 2014లో చట్టాన్ని సవరించి గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు దారి సులువు చేశారు. అయినా, భారతదేశపు అవసరంలో సుమారు 4 శాతమే తీరుతోందని లాన్సెట్ కమిషన్ 2017లో లెక్కగట్టింది.

బాధను దైవనిర్ణయంగా చూడటం మన ఒక్కరి జబ్బు కాదు. 1847లో స్కాట్లాండ్‌లో జేమ్స్ సింప్సన్ అనే డాక్టరు కాన్పు నొప్పులకు క్లోరోఫామ్ ఇస్తే, స్త్రీ నొప్పులతోనే కనాలని బైబిల్లో ఉందంటూ కొందరు అభ్యంతరం చెప్పారు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పుకు అదే క్లోరోఫామ్ పీల్చింది. ఆ తర్వాత ఆ అభ్యంతరం ఎక్కువకాలం నిలవలేదు.

మన దేశంలోనూ దారి చూపినవాళ్లున్నారు. కోళిక్కోడ్‌లో 1993లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేశ్‌కుమార్, వారి మిత్రులు మొదలుపెట్టిన సంస్థ, వాలంటీర్లను కూడగట్టి ఉపశమన (పాలియేటివ్) వైద్యాన్ని రోగుల ఇళ్లకు చేర్చింది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. అదే నగరంలో స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవ చేస్తోంది.

ఇంట్లో క్యాన్సర్ రోగి ఉంటే రోజూ అడగండి: నొప్పిని సున్నా నుంచి పది వరకు కొలిస్తే ఇప్పుడు ఎంత? ఆ అంకెను, వేళను ఒక కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టండి. తగ్గకపోతే పాలియేటివ్ విభాగానికి పంపమని గట్టిగా అడగండి. పరామర్శకు వచ్చి పాపపుణ్యాల లెక్కలు తీసేవాళ్లను రోగి మంచం దాకా రానివ్వకండి.