అది నవ్వు కాదమ్మా!

మా ఆడపడుచు దుబాయ్‌లో డాల్ఫిన్ల ఆట చూసొచ్చింది. "ఎంత సంతోషంగా ఉన్నాయో వదినా! ఒకటే నవ్వు!" అంది.

నాకు ఒళ్ళు మండింది. అది నవ్వు కాదమ్మా, దవడ తీరు. పుట్టుకతోనే దాని నోరు అలా వంపు తిరిగి ఉంటుంది. జబ్బు చేసినా అదే మొహం, చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చినా అదే మొహం. (నలుగురిలో నవ్వుతూ తిరిగే కోడల్ని చూసి "దానికేం లోటు?" అంటారు చూడండి, అచ్చం అదే వరస.)

నేను ఆర్ట్స్ చదివినదాన్నే. అయితేనేం, పుస్తకం తిరగేస్తే తెలియదూ? నిద్రలో మనకి ఊపిరి దానంతటదే ఆడుతుంది. డాల్ఫిన్‌కి అలా కుదరదు, పైకొచ్చి పీల్చుకోవలసిందే. అందుకని మెదడులో సగం పడుకుంటే సగం మేలుకుంటుంది, ఒక కన్ను తెరిచే ఉంటుంది! బిడ్డని ఏడాదిపాటు మోస్తుంది, ఆపైన ఏడాదిన్నర, రెండేళ్ళు పాలిస్తుంది. తను చేసిన చప్పుడు తగిలి తిరిగొస్తే, ఎదర ఉన్నది చేపో రాయో చెప్పేస్తుంది. అలాంటిదాన్ని నాలుగు గోడల తొట్టిలో పడేసి, గెంతితే చేప ముక్క!

మన దేశంలో ఇలాంటి ఆటలకి అనుమతివ్వకూడదని 2013లోనే కేంద్ర ప్రభుత్వం చెప్పింది. ఇక్కడ కూడనిది అక్కడ టిక్కెట్టు కొంటే కూడుతుందా?

"పిల్లలు సరదాపడ్డారు వదినా" అని మొహం ముడుచుకుంది.

సరేనమ్మా, ఈసారి వచ్చినప్పుడు పిల్లల్ని ఒరిస్సాలో చిలక సరస్సుకి నేను తీసుకెళ్తాను. పడవలో కూర్చుని ఓపిక పడితే, ఇరవాడీ డాల్ఫిన్ వీపు ఒక్క క్షణం నీళ్ళపైన కనబడుతుంది. చప్పట్లు కొట్టినా తిరిగి చూడదు.