ముందు మీరు పెట్టుకోండి, తర్వాత ఇస్తాం!

కంటి పరిశోధనలో యువ శాస్త్రవేత్తలకు శిక్షణ, ఫెలోషిప్ అంటూ వచ్చే ప్రకటనల్లో మార్కులు అడుగుతారు, వయసు అడుగుతారు, సిఫారసు లేఖ అడుగుతారు. కులం అడగరు. అడగాల్సిన పని లేదు. ‘ఖర్చు ముందు మీరు పెట్టుకోండి, బిల్లులిస్తే తర్వాత చెల్లిస్తాం’ అనే ఒక్క నిబంధన ఆ వడపోత చేసిపెడుతుంది.

నేను కార్నియాకు సోకే ఫంగస్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. విదేశంలో రెండు వారాల మైక్రోస్కోపీ శిక్షణకు ఎంపికయ్యాను. టికెట్టు, వీసా, బస కలిపి లక్ష దాటింది. కాగితం మీద నా ఫెలోషిప్ నెలకు 37 వేలు. అప్పటికి ఐదు నెలలుగా అది రాలేదు. ఇంట్లో తాకట్టు పెట్టడానికీ ఏమీ లేదు. సీటు వదులుకున్నాను. అదే శిక్షణకు ఎంపికైన నా తోటి స్కాలర్ వాళ్ల నాన్న క్రెడిట్ కార్డుతో వెళ్లొచ్చాడు. అతని సీవీలో ఒక వరస పెరిగింది. తర్వాతి ఎంపికలో ఆ వరసకే ‘మెరిట్’ అని పేరు.

ఇది కొత్త కాదు. 1917లో బరోడా స్కాలర్‌షిప్ గడువు ముగిసి అంబేద్కర్ లండన్ చదువు మధ్యలో ఆపేసి రావాల్సి వచ్చింది. తిరిగి వెళ్లడానికి 1920 దాకా పట్టింది. ఆగింది ప్రతిభ లేక కాదు, డబ్బు లేక. వందేళ్ల తర్వాత రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో, రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ లెక్క రాసి వెళ్లాడు.

ఇంతకీ ఈ పరిశోధన ఎవరి కళ్ల గురించి? కోతల్లో, నూర్పిళ్లలో కంట్లో వడ్లగింజో ఆకుమొనో గుచ్చుకుంటే ఫంగస్ పుండు పడుతుంది. మానినా తెల్లటి పువ్వు మిగులుతుంది. 2015-19 జాతీయ అంధత్వ సర్వేలో 50 ఏళ్ల లోపువారి చూపు పోవడానికి మొదటి కారణం కార్నియా మచ్చలే. ఆ పొలాల్లో కూలికి వంగేది ఎవరో చెప్పనక్కర్లేదు. వాళ్ల కంటి పుండు గీకిన నమూనా ల్యాబులోకి వస్తుంది. వాళ్ల పిల్లలు మాత్రం గేటు దగ్గరే ఆగిపోతారు.

‘సూక్ష్మజీవికి కులం తెలుసా?’ అని వెటకారం చేస్తారు. సూక్ష్మజీవికి తెలియదు. నిధులు పంచే వ్యవస్థకు బాగా తెలుసు. ఉపాధ్యాయ నియామకాల్లో రిజర్వేషన్ల కోసం తెచ్చిన 2019 కేంద్ర చట్టమే, షెడ్యూలులో చేర్చిన పరిశోధన సంస్థలను 4వ సెక్షన్‌తో మినహాయించింది. అంటే అలాంటి చోట్ల ఎంపిక బల్లకు అటువైపు కూర్చునే హక్కు కూడా మనకు లేకుండా చేశారు.

కాబట్టి దయ అడగడం లేదు. శిక్షణ ఖర్చు ముందే ఇవ్వండి. ఫెలోషిప్ నెలనెలా వేయండి. ప్రజల డబ్బుతో నడిచే ప్రతి శిక్షణలో రిజర్వేషన్ పాటించండి. ఎవరు ఎంపికయ్యారో, ఎవరు చేరలేకపోయారో సామాజిక వర్గాల వారీగా ఏటా ప్రకటించండి. ఆ రెండో లెక్క బయటపడితే మెరిట్ అసలు ధర ఎంతో దేశానికి తెలుస్తుంది.