ముఖమే వీలునామా?

కవలల్లో ఒకడు చనిపోతాడు. బతికున్నవాడు అతని పేరు పెట్టుకుని శత్రువుల మధ్యకి వెళ్ళి పగ తీర్చుకుంటాడు. హాంకాంగ్ దర్శకుడు రింగో లామ్ 1996లో హాలీవుడ్‌కి వెళ్ళి తీసిన ‘మాగ్జిమమ్ రిస్క్’ ఈ కథే. వాన్ డామ్ ఇందులో ఫ్రెంచి పోలీసు అలెన్. తనకొక కవల సోదరుడున్నాడని అలెన్‌కి తెలిసేది ఆ సోదరుడు మిఖాయిల్ హత్యకు గురయ్యాకే. రష్యన్ మాఫియా నుంచి బయటపడబోయినందుకు జరిగిన హత్య అది. అలెన్ న్యూయార్క్ వెళ్తాడు. మిఖాయిల్ పేరు అతనిదవుతుంది, శత్రువులు అతనివాళ్ళవుతారు, ప్రియురాలు అలెక్స్ కూడా అతనిదే అవుతుంది.

ఆ ‘కూడా’ దగ్గరే నా తగాదా.

అలెక్స్ మొదట అతన్ని మిఖాయిల్ అనుకుంటుంది. ప్రేమించిన మనిషి చనిపోయాడని తెలిశాక కూడా అతని ముఖమే ఆమె ఎదుట తిరుగుతుంటుంది. ఆ ముఖాన్ని చూస్తూ ఎలా దుఃఖించాలి? ఒక స్త్రీ ఈ కథ రాస్తే బహుశా ఇక్కడే మొదలుపెట్టేది. సినిమాకి మాత్రం ఆ తీరిక లేదు. తరిమే కార్ల మధ్యే అలెక్స్ అలెన్‌కి ప్రియురాలైపోతుంది.

యాక్షన్ సినిమాలో ఏడుపులకి చోటెక్కడమ్మా అంటారు. ఉంది. బతికుండగా ఒక్కసారి కూడా చూడని సోదరుడి కోసం అలెన్ పడే బాధ మీదే సినిమా మొత్తం నడుస్తుంది. అతన్ని ప్రేమించిన స్త్రీ బాధకే చోటు చాలలేదు.

ఇదే పని ఆడది చేస్తే? పాల్ హెన్రీడ్ 1964లో తీసిన ‘డెడ్ రింగర్’లో ఈడిత్ తన కవల మార్గరెట్‌ని చంపి ఆమె స్థానంలోకి వెళ్తుంది. రెండు పాత్రలూ బెట్టీ డేవిస్‌వే. అచ్చం అదే ముఖం. అయినా సరిపోదు. మార్గరెట్ సంతకం చెయ్యడం చేతకాక ఈడిత్ తన చేతిని తనే కాల్చుకుంటుంది. మార్గరెట్ ప్రియుడు పసిగట్టి బెదిరిస్తాడు. చివరికి మార్గరెట్ చేసిన హత్యకి ఈడిత్ శిక్ష పడుతుంది. ఆమె హంతకురాలు, శిక్ష పడాల్సిందే. నేను చూస్తున్నది వేరే తేడా. ఆడది మరో మనిషి కావాలంటే ఒళ్ళు కాల్చుకోవాలి. మగవాడికి ముఖమే వీలునామా.

సినిమాయే కదా అని వదిలేద్దామా? మన ప్రభుత్వమే ఈ కథని నియమంగా రాసుకుంది. శౌర్య పతకం పొందిన సైనికుడు చనిపోయాక ఆ పతకంతో వచ్చే భత్యం భార్యకి అందేది. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగిపోయేది. భర్త సోదరుణ్ణి చేసుకుంటే మాత్రం కొనసాగేది. 1995లో వచ్చిన ఈ మినహాయింపు షరతుని రక్షణ మంత్రిత్వశాఖ 2017 నవంబరులో గానీ తీసెయ్యలేదు. ఇరవై రెండేళ్ళు! హర్యానా ప్రాంతంలో వితంతువుని మరిదికి కట్టబెట్టే ‘కరేవా’ ఆచారం వెనక భూమి ఇల్లు దాటిపోకూడదన్న లెక్క ఉందని చరిత్రకారిణి ప్రేమ్ చౌదరి ఏనాడో చూపించారు. అన్న పోతే తమ్ముడున్నాడు. పొలమూ ఆమే ఇంట్లోనే ఉంటారు.

మరిదిని చేసుకోవడం తప్పని నేననడం లేదు. ఇష్టపడి చేసుకునే స్త్రీలుంటారు, అది వాళ్ళ నిర్ణయం. నా అభ్యంతరమల్లా, ఇద్దరు మగవాళ్ళు ఒకే పోలికలో ఉన్నారనో ఒకే తల్లి కడుపున పుట్టారనో ఆమె అంగీకారాన్ని ముందే రాసేసుకోవడం మీద. ఆమె ప్రేమించింది ఒక మనిషిని. అతని మాటతీరునీ, కోపాన్నీ, చేతి స్పర్శనీ ఎరిగి ప్రేమించింది. ఆ ఎరుకకి విలువ లేదనడమంటే ఆమె ప్రేమించనే లేదనడం.

ఇలాంటి సినిమా మళ్ళీ వస్తుంది. ఫైట్లు ఎలా ఉన్నాయో, హీరో రెండు పాత్రల్లో తేడా చూపించాడో లేదో తప్పకుండా రాస్తారు. సమీక్షకులారా, ఈసారి ఇంకొక్క ప్రశ్న కూడా వెయ్యండి: చనిపోయినవాడి కోసం ఆమె ఎప్పుడు ఏడ్చింది?